అతుకే అసలు పని: రంగురాళ్ల హార్ట్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

నేను రాతితో చేసిన హార్ట్‌ని చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు అడిగేది, "ఈ రాయి ఇన్ని రంగుల్లో ఇలాగే దొరుకుతుందా?" అని. కాదు, వేరువేరు రాళ్లు కోసి అతికించాను అంటే వెంటనే, "ఓహో, అతికించిందేనా!" అంటారు. ఆ "దేనా" దగ్గర రాయి విలువ చటుక్కున పడిపోతుంది. అతుకు అనగానే మనకు అతుకుల బొంతే గుర్తొస్తుంది మరి. కానీ ఏదైనా చక్కగా కుదిరితే "అతికినట్టు సరిపోయింది" అనేదీ మనమే. ఈ పని మొత్తం ఆ రెండో మాట కోసమే.

రంగురాళ్లను పలకలుగా కోసి, ముక్కల అంచులు ఒకదానికొకటి కుదిరేలా అరగదీసి, ఎపాక్సీ జిగురుతో కలిపి, ఆ మొత్తాన్ని ఒకే రాయిలా సానపట్టి పాలిష్ చేయడాన్ని ఇంటార్షియా అంటారు. కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది మొదట హార్టే చేస్తామంటారు. మధ్యలో వదిలేసేదీ ఎక్కువగా దాన్నే. వాళ్ల నోట విన్నవి, ఒకప్పుడు నేనూ నమ్మినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రంగులు నప్పితే చాలు, ఏ రాయినైనా ఏ రాయితోనైనా కలపొచ్చు.

వాస్తవం: రంగు కంటే ముందు చూడాల్సింది గట్టిదనం. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో తయారుచేసిన గట్టిదనపు కొలమానంలో టాల్క్ 1, వజ్రం 10. దాని ప్రకారం జాస్పర్, అగేట్, టైగర్ ఐ 6.5 నుంచి 7 దాకా ఉంటాయి. లాపిస్ లాజులి 5 నుంచి 5.5. మలకైట్ 3.5 నుంచి 4 మాత్రమే. నా తొలి హార్ట్‌లలో ఒకటి ఎర్ర జాస్పర్, ఆకుపచ్చ మలకైట్ కలిపి చేశాను. అతికించినప్పుడు కళ్లు చెదిరేలా ఉంది. సాన చక్రం మీద పెట్టాక జాస్పర్ కదలకుండా కూర్చుంది, మలకైట్ మాత్రం గబగబా అరిగిపోయింది. చివరికి వేలితో తడిమితే అతుకు దగ్గర మెట్టు దిగినట్టుంది. ఎంత పాలిష్ చేసినా ఆ మెట్టు పోలేదు సరికదా, ఇంకా పెరిగింది.

గట్టిదనంలో ఒక అంకె లోపు తేడా ఉన్న రాళ్లను కలిపితే మొదట్లో తలనొప్పి తక్కువ. జాస్పర్, అగేట్, టైగర్ ఐ ఈ మూడింటితోనే ఎరుపు, పసుపు, గోధుమ, తెలుపు, నలుపు అన్నీ వస్తాయి. నీలం కావాలంటే సోడలైట్ (5.5 నుంచి 6), గులాబీ రంగుకి రోడొనైట్ (5.5 నుంచి 6.5) పరవాలేదు. మెత్తది, గట్టిది కలపక తప్పదంటే చివరి దశల్లో తోలు, ఫెల్ట్ లాంటి మెత్తటి ప్యాడ్‌లు వాడకండి. అవి రాయి మీద ఒదిగిపోయి మెత్తటి భాగాన్ని తవ్వేస్తాయి. గట్టి ల్యాప్ (చదునైన సాన పళ్లెం) మీద, పదునైన డైమండ్‌తో, తక్కువ ఒత్తిడితో తేల్చడం మేలు. అప్పుడైనా మలకైట్, జాస్పర్ జంట నాకు ఇప్పటికీ టెన్షనే.

అపోహ: అతుకులో సందు ఉంటే ఏం, ఎపాక్సీ పూడ్చేస్తుంది కదా.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకమే ఎక్కువ హార్ట్‌లను పాడుచేస్తుంది. ఎపాక్సీ పని పట్టి ఉంచడం, గోతులు నింపడం కాదు. సందులో నిండిన ఎపాక్సీ రాయి కంటే చాలా మెత్తన. సానపట్టగానే అది పల్లంగా అరుగుతుంది, ఆ పల్లంలో గరుకు పొడి చేరుతుంది. అక్కడితో ఆగదు. 220 గ్రిట్ (గరుకు అంకె, పెరిగేకొద్దీ నునుపు) చక్రం దగ్గర చేరిన రేణువు 1200 గ్రిట్ దగ్గర బయటికొచ్చి, నున్నగా తేలిన రాయి మీద ఒక్క గీత గీసి పోతుంది. గీత ఎక్కడినుంచి వచ్చిందో తెలియక నేను చక్రాలు మార్చాను, నీళ్లు మార్చాను. దోషమంతా వెంట్రుకవాసి సందుది.

అందుకే రెండు అంచులనూ బల్లపరుపు ల్యాప్ మీద సమంగా అరగదీసి, పొడిగా కలిపి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. మధ్యలోంచి వెలుగు గీత కనిపిస్తే మళ్లీ ల్యాప్ మీదికే. ఆ గీత పూర్తిగా మాయమయ్యేదాకా జిగురు డబ్బా మూత తీయకండి. నాకు ఒక్కో అతుక్కి ఐదారుసార్లు తిరగడం మామూలే.

అంచుని ఎంత నున్నగా చేయాలన్నదీ చాలామంది అడుగుతారు. అద్దంలా చేస్తే జిగురుకి పట్టు దొరకదు, 80 గ్రిట్ దగ్గరే ఆపితే అంచు వెంట పెచ్చులు లేచి అతుకు పళ్లుపళ్లుగా కనిపిస్తుంది. నేను 600 దగ్గర ఆపుతాను. అతికించేముందు రెండు వైపులా ఎసిటోన్‌తో తుడిచాక వేలు పెట్టను. వేలి జిడ్డు చాలు అతుకు వదలడానికి. క్లాంపు కూడా బిర్రుగా బిగించకూడదు, ఉన్న జిగురంతా బయటికి పోయి లోపల ఏమీ మిగలదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. బల్లపరుపుగా ఉండే రాతి చిత్రాల్లో ముక్క అంచుని లోపలికి కొంచెం వాలుగా అరగదీస్తారు. పైన అతుకు బిగుతుగా కనిపిస్తుంది, కింద ఖాళీలో జిగురు ఉంటుంది. అక్కడ అది మంచి పద్ధతే, ఎందుకంటే పైన కాస్త పొర మాత్రమే పోతుంది. మన హార్ట్‌కి ఉబ్బెత్తు వంపు తీయాలి, అంచుల దగ్గర రాయి లోతుగా పోతుంది. అంటే దాచిన ఖాళీ అంతా పైకి తేలుతుంది. హార్ట్‌లో అతుకు పైనుంచి కిందిదాకా నిట్టనిలువుగా, పూర్తిగా తాకుతూ ఉండాలి. నిలువు తప్పితే ఇంకో నష్టం కూడా: పలక మీద తిన్నగా ఉన్న గీత, వంపు తీసేసరికి అంచు వైపు వెళ్తూ పక్కకి జరుగుతుంది. "తిన్నగానే కోశాను, వంకర ఎలా వచ్చింది?" అనే ప్రశ్నకి జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే.

అపోహ: సూపర్ గ్లూ త్వరగా పడుతుంది, అదే మంచిది.

వాస్తవం: తాత్కాలికంగా పట్టి ఉంచడానికి మంచిదే. కానీ అది పెళుసు, తడికి, వేడికి కాలక్రమంలో వదులుతుంది. మనం చేసేదంతా తడిలోనే. నెమ్మదిగా గట్టిపడే రెండు భాగాల ఎపాక్సీ వాడి, కనీసం 24 గంటలు ముట్టుకోకుండా వదలండి. ఐదు నిమిషాల రకం ఈ పనికి బలం చాలదు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ (గట్టిపరిచే భాగం) కాస్త ఎక్కువ పోసేవాళ్లున్నారు. దాంతో త్వరపడేదేమీ ఉండదు, మిశ్రమం సరిగా కుదరక బలహీనంగా తయారవుతుంది. డబ్బా మీద రాసిన కొలతే కొలత.

ఇక వేడి. సానపట్టేటప్పుడు రాయిని చిన్న కర్రకి మైనంతో అంటిస్తారు కదా, ఒంటి రాయికి అది బాగానే ఉంటుంది. నేను ఒకసారి నాలుగు ముక్కల హార్ట్‌ని అలాగే వేడి మైనంలో పెట్టాను. మైనం కరిగే వేడికి మామూలు ఎపాక్సీ మెత్తబడుతుంది. రాయిని సర్దుదామని నొక్కితే ఒక ముక్క మెల్లగా పక్కకి జరిగింది. గుండె రాయి చేసుకోవడం అంటే ఏమిటో ఆరోజు తెలిసింది. అప్పట్నుంచి కర్రకి సూపర్ గ్లూతో చల్లగానే అంటిస్తున్నాను. దానికి అసలైన ఉపయోగం అదే అంటాను.

అపోహ: హార్ట్ సులువైన ఆకారం, అందుకే కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టాలి.

వాస్తవం: గీయడం సులువు, సానపట్టడం కాదు. రెండు వంపులు కలిసే పై గాడిలోకి చక్రం ముఖం దూరదు. చక్రం అంచుతోనో, ములికిలాంటి చిన్న డైమండ్ బర్‌తోనో, గుండ్రటి డైమండ్ ఆకురాయితోనో ఒక్కో గ్రిట్‌నీ విడిగా నడపాలి. చాలా హార్ట్‌లు అంతా మెరిసి గాడిలో మసకగా ఉండేది ఇక్కడ ఓపిక అయిపోవడం వల్లే. కింది మొన పెళుసు, పదునుగా ఉంచితే చిన్న తాకిడికే పెచ్చు ఊడుతుంది. చివర కాస్త మొద్దుచేయాలి.

రెండు సగాలు రెండు రంగుల్లో, గాడి నుంచి మొన దాకా నడిమధ్య అతుకు. అందరికీ తోచే డిజైన్ ఇదే, కష్టమైనదీ ఇదే. రాయికి బలహీనమైన రెండు చోట్ల గుండానూ అతుకు పోతుంది. పైగా అతుకు ఒక పిసరు పక్కకి జరిగినా కన్ను వెంటనే పట్టేస్తుంది. మొదటి హార్ట్‌కి అతుకుని ఐమూలగా, గాడికీ మొనకీ దూరంగా పెట్టుకోండి. మూడు రాళ్ల వాలు పట్టీలు అయితే ఇంకా మేలు. తిన్నని అతుకులతో చేయి తిరిగాకే వంపు అతుకుల జోలికి వెళ్లాలి. ఒక వైపు ఉబ్బు, ఎదుటి వైపు పల్లం రెండూ ఒకే వంపులో రావాలంటే అది వేరే చదువు.

ఆకారం సమంగా రావడానికి కాగితాన్ని మధ్యకి మడిచి సగం గీసి కత్తిరించండి. రాయి మీద పెన్నుతో గీస్తే నీళ్లకి పోతుంది. అల్యూమినియం తీగ మొనతోనో ఇత్తడి మొనతోనో గీయండి. గీత మీదే కోయకుండా ఓ మిల్లీమీటరు బయట కోయండి, అరగదీతకి కావాలి.

అపోహ: ఒకే రాయిలోంచి వరుసగా కోసిన రెండు పలకలను పుస్తకంలా విప్పితే రెండు సగాల గీతలూ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి.

వాస్తవం: దాదాపు కలుస్తాయి. రంపం మందం మేరకు రాయి పొడిగా పోయింది కదా, ఆ మేరకు గీతలు జరుగుతాయి. సన్నటి బ్లేడు వాడితే తేడా తక్కువ.

అపోహ: ఖరీదైన యంత్రాలు లేకపోతే ఇలాంటి అతుకులు రావు.

వాస్తవం: ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అప్పటి పాలకుడు మొదటి ఫెర్డినాండో మెదీచి 1588లో రాతి పనివాళ్ల కార్యశాల పెట్టాడు. ఓపిఫీచియో దెల్లే పియెత్రే దూరే అనే పేరుతో అది ఇప్పటికీ ఉంది. అక్కడివాళ్లు రాతి చిత్రాల కోసం పలకలను కోసింది చెట్టు కొమ్మని విల్లులా వంచి, దానికి కట్టిన ఇనుప తీగతో. తీగకి తడిపిన గరుకు పొడి అందిస్తూ, రాయి వెంట్రుక వెంట్రుకగా తెగేదాకా లాగేవారు. ఆ చిత్రాల అతుకులు ఇప్పటికీ గోటికి తగలవు. మంచి యంత్రం సమయం మిగులుస్తుంది, కాదనను. కానీ ముందు కొనాల్సింది ఒక్క పిసరు కూడా వంకర లేని బల్లపరుపు ల్యాప్.

అపోహ: నీళ్లు రాయి వేడెక్కకుండా ఉండటానికే, కాసేపయితే పొడిగా చేసినా ఏం కాదు.

వాస్తవం: జాస్పర్, అగేట్, టైగర్ ఐ అన్నీ సిలికానే. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. నీళ్లు దుమ్ము లేవకుండా అణుస్తాయి, అదే వాటి ముఖ్యమైన పని. తడిలో చేసినా నేను ఎన్95 మాస్క్ పెట్టుకుంటాను, ఎందుకంటే చిందిన బురద ఆరితే మళ్లీ దుమ్మే. బల్లని చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. మలకైట్‌లో రాగి ఉంటుంది, దాని దుమ్ముతో ఇంకా జాగ్రత్త. ఈ ఒక్క విషయంలో "నాకేం కాలేదు" అనే మాట ఎవరు చెప్పినా వినొద్దు.

అపోహ: చిన్నచిన్న గీతలు పాలిష్‌లో పోతాయి.

వాస్తవం: పోవు, మెరుస్తాయి. 80 గ్రిట్ గీత 220 దగ్గరే పోవాలి. చక్రం మారిన ప్రతిసారీ రాయిని సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో అతుకుల వెంట రుద్ది కడగండి. సీరియం ఆక్సైడ్ లాంటి పాలిష్ పొడి నల్ల రాయి అతుకులో ఇరుక్కుంటే తెల్ల గీతలా మిగిలిపోతుంది. అతికించేటప్పుడే ఎపాక్సీలో చిటికెడు నల్ల రంగు పొడి కలిపితే అతుకు కనిపించదు. చిటికెడే సుమా, ఎక్కువైతే జిగురు బలం తగ్గుతుంది.

అపోహ: అతికించింది కాబట్టి ఎప్పటికైనా ఊడుతుంది.

వాస్తవం: సరిగా చేసిన అతుకు రోజువారీ వాడకానికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. వెనక ఒకటి రెండు మిల్లీమీటర్ల ఒంటి రాయి పలకను ఆధారంగా అతికిస్తే ఇంకా బలం. ఊడగొట్టేవి వేరే: ఆవిరితో శుభ్రం చేయడం, అల్ట్రాసోనిక్ యంత్రం, ఎసిటోన్, వేడెక్కే కిటికీ గట్టు. లోహంలో పొదగాలంటే సోల్డరింగ్ అంతా అయ్యాకే రాయిని కూర్చోబెట్టాలి. గాడి దగ్గర లోహాన్ని గట్టిగా నొక్కకూడదు.

అపోహ: ముక్కలు కలిపి చేసినదంతా నకిలీయే.

వాస్తవం: ఇది కొనేవాళ్ల అనుమానం, కొంత న్యాయమైనదే. రాతి పొడిని రెసిన్‌లో కలిపి పోసిన దిమ్మెలను రాయి పేరుతోనూ, రంగు వేసిన తెల్ల హౌలైట్ రాయిని టర్కాయిస్ (నీలాకుపచ్చ రాయి) పేరుతోనూ అమ్మేవాళ్లున్నారు. ముక్కలు కలిపి చేశామని చెప్పి అమ్మడం వేరు, రాయి కానిదాన్ని రాయని అమ్మడం వేరు. కొనేముందు హార్ట్‌ని పక్కకి తిప్పి చూడండి. ఆధారపు పలక లేనిదైతే ఒక్కో ముక్కలోని చారలు, మచ్చలు అంచు మీదుగా దిగి వెనక వైపుకీ వెళ్తాయి. పలక ఉంటే కనీసం అంచు మందంలోనైనా కనిపిస్తాయి. పైన మాత్రమే రంగుండి అంచులో ఒకే ముద్దలా ఉంటే, కింద పెట్టేసి రావచ్చు.