‘రామ’ దాటింది, ‘రాముడు’ ఆగింది

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి పంపిన ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. తాను రాసిన చిన్న లైబ్రరీ (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) లినక్స్‌లో చక్కగా ఇన్‌స్టాల్ అవుతోందట. మిత్రుని విండోస్ కంప్యూటరులో మాత్రం, రీడ్‌మీ అనే పరిచయ ఫైలులో ‘రామ’ అని ఉన్నంతవరకూ సాఫీగా సాగి, దాన్ని ‘రాముడు’ అని మార్చగానే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, అంటే ఫైలులోని సంఖ్యలను అక్షరాలుగా మార్చలేకపోయానన్న సందేశం, చూపి ఆగిపోతోందట. తెలుగు అసలే పనికిరాదంటే సరే గానీ, ఒక మాటను ఒప్పుకొని మరో మాటను తోసిపుచ్చడం ఏమిటని అతని సందేహం.

పైథాన్ 3 తన ప్రోగ్రాము ఫైళ్లను, వాటిలో వేరే ప్రకటన లేకపోతే, యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే చదువుతుంది; ఎన్‌కోడింగ్ అంటే ఫైలులోని ఏ సంఖ్యలు ఏ అక్షరమో చెప్పే పట్టిక. కానీ ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు ఎన్‌కోడింగ్ పేరు చెప్పకుండా రీడ్‌మీని తెరిస్తే, ఆ కంప్యూటరుకు అలవాటైన పట్టికనే తీసుకుంటుంది. లినక్స్‌లో అది సాధారణంగా యూటీఎఫ్-8. ఇంగ్లీషు విండోస్‌లో పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన 1252 పట్టిక. ఒక బైటుకు (0 నుంచి 255 దాకా ఒక సంఖ్య) ఒక గుర్తు చొప్పున అందులో 256 గళ్లున్నాయి. వాటిలో అయిదు ఖాళీ: 129, 141, 143, 144, 157. ఆ బైట్లలో ఏది ఎదురైనా పైథాన్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది.

ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ మన లిపికి 128 స్థానాలు కేటాయించింది. యూటీఎఫ్-8లో ఒక్కో స్థానానికి మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ 224. రెండవది తొలి 64 స్థానాలకు 176, మలి 64కు 177. మూడవది ఒక్కొక్క సగంలోనూ 128 నుంచి 191 దాకా వరుసగా నడుస్తుంది. 1252లోని అయిదు ఖాళీలూ సరిగ్గా ఆ దారిలోనే ఉన్నాయి! ‘రామ’లోని ర, దీర్ఘం, మ అనే మూడింటికీ చివరి బైట్లు 176, 190, 174, ఏదీ ఖాళీలో పడదు కనుక ఆ మాట తొమ్మిది అర్థంలేని గుర్తులుగా మారి దాటిపోతుంది. ‘రాముడు’లో కొమ్ము వచ్చింది, దాని చివరి బైటు 129. అరసున్నదీ అదే. పొల్లుకు 141, ఏ అక్షరానికి 143, ఐకి 144, ఝకు 157. పొల్లు లేనిదే యూనికోడ్‌లో ఒత్తు ఏర్పడదు గనుక, ద్విత్వమో సంయుక్తమో ఉన్న ప్రతి మాటా ఇక్కడ ఆగవలసిందే.

కంప్యూటరు పాఠాలలో ఇంగ్లీషుకు సరిపడే ఆస్కీ పట్టికలోని 128 గుర్తులు చెప్పి అక్కడే ఆపేయడం వల్ల, ఫైళ్లలో తెలుగు రాయకూడదన్న మాట పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకోమన్నట్లుగా సీనియర్ల నుంచి జూనియర్లకు పాకుతోంది. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తప్పు తెలుగుది కాదు, స్క్రిప్టులో పట్టిక పేరు చెప్పకుండా ఫైలు తెరిచే ఆ ఒక్క వరుసది. కొందరు సలహా ఇచ్చినట్లు 1252ను పోలిన లాటిన్-1 పట్టికకు మారితే ఎర్రర్ పోతుంది, ఎందుకంటే పైథాన్‌లో దానికి ఖాళీలే లేవు. అయితే అక్షరాలన్నీ చప్పుడు లేకుండా పాడవుతాయి. దానికన్నా ఎర్రరే మేలు.

ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడమే సరైన మందు. రాయని చోట్లను పట్టి చూపే ఐచ్ఛిక హెచ్చరిక పైథాన్ 3.10లో వచ్చింది, 3.15 నుంచి యూటీఎఫ్-8నే అలవాటు పట్టికగా చేయాలని నిర్ణయించారు. పాత పైథాన్ ఉన్న అలాంటి విండోస్ కంప్యూటరులో పరీక్షించడానికి ‘అమ్మ’ అన్న ఒక్క మాటతో యూటీఎఫ్-8 ఫైలు చేసి, పట్టిక పేరు చెప్పకుండా తెరిస్తే చాలు: సున్నా నుంచి లెక్కించి 8వ స్థానంలో, పొల్లు చివరి బైటు దగ్గర, 141ని పదహారు ఆధారపు లెక్కలో చూపిస్తూ పైథాన్ ఆగుతుంది.