సెల్, జీన్ థెరపీ చదువులు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో సెల్ థెరపీ (కణాలనే మందుగా ఇచ్చే చికిత్స) తయారీ విభాగంలో పనిచేస్తున్నాను. ఎంఎస్సీ పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: క్రిస్పర్ (జన్యువును కత్తిరించి మార్చే పద్ధతి) వస్తే చాలు, ఉద్యోగం వచ్చినట్టే.

వాస్తవం: జన్యువును మార్చడం ఒక ఎత్తు, ఆ కణాలను మనిషి ఒంట్లోకి ఎక్కించేంత శుభ్రంగా తయారుచేయడం మరో ఎత్తు. కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే కార్-టీ చికిత్సనే తీసుకోండి. రోగి రక్తంలోంచి టీ కణాలు (రోగనిరోధక కణాలు) వేరుచేసి, ఎక్కువగా లెంటీవైరల్ వెక్టర్‌తో (జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌తో) కొత్త జన్యువు చేర్చి, వాటి సంఖ్య పెంచి, ఆసుపత్రికి పంపుతారు. ఆ కణాల బ్యాగు ఆ ఒక్క మనిషిదే. మాత్రల బ్యాచ్ పాడైతే ఇంకోటి చేసుకోవచ్చు. ఇక్కడ బ్యాచ్ పోతే, కీమోలతో నీరసించిన మనిషిని మళ్లీ గంటల తరబడి అఫెరిసిస్ మెషీన్ (రక్తంలోంచి కణాలు వేరుచేసే యంత్రం) దగ్గర పడుకోబెట్టాలి. ఒక్కోసారి అంత వ్యవధి ఉండదు.

అందుకే ఇంటర్వ్యూలో నేను ముందు కణాలు లెక్కపెట్టమంటాను. ట్రైపాన్ బ్లూ అనే రంగు కలిపితే చచ్చిన కణం నీలంగా మారుతుంది, బతికున్నది రంగు పీల్చుకోదు. డైల్యూషన్ ఫ్యాక్టర్‌తో (నమూనాను ఎన్ని రెట్లు పలుచన చేశామో ఆ అంకెతో) గుణించడం మర్చిపోయిన టాపర్లను చాలామందిని చూశాను. తెలివి లేక కాదు, కాలేజీలో చేతికి పిపెట్ ఇచ్చినవాళ్లు లేక. అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అపోహ: ఆన్‌లైన్ సర్టిఫికెట్లు నాలుగుంటే క్లీన్‌రూమ్‌లోకి (దుమ్ము, సూక్ష్మజీవులు చేరకుండా కాపాడే తయారీ గదిలోకి) తీసుకుంటారు.

వాస్తవం: తీసుకోరు. గౌను, మాస్కు, రెండు జతల గ్లవ్స్ వేసుకుని పనిచేశాక, బయటికి వచ్చే ముందు అయిదు వేళ్లూ అగార్ ప్లేటు (సూక్ష్మజీవులు ఉంటే పెరిగే జెల్లీ పళ్లెం) మీద అద్దాలి. కొన్ని రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి చూస్తారు. నేను చేరిన కొత్తలో ఎడమ బొటనవేలి ముద్ర దగ్గర సూక్ష్మజీవుల కాలనీ ఒకటి మొలిచింది. మళ్లీ శిక్షణ పూర్తయ్యేదాకా నన్ను లోపలికి రానివ్వలేదు. అది సరైన నిర్ణయమే.

అపోహ: పీహెచ్‌డీ లేనిదే ఈ రంగంలో బతుకు లేదు.

వాస్తవం: కొత్త చికిత్సలు కనిపెట్టాలంటే కావాలి, హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో చేరండి. తయారీకి, క్వాలిటీ కంట్రోల్‌కి ఎంఎస్సీ, ఎంటెక్, ఎంఫార్మసీ సరిపోతాయి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే పీజీ కోర్సులకు గ్యాట్-బీ ప్రవేశ పరీక్ష రాయాలి.

అపోహ: ఇదంతా అమెరికాలోనే, మన దగ్గర ఏముంది?

వాస్తవం: ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే ముందు తల్లిదండ్రులు ఇది చదవాలి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపుదిద్దిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. మన బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో కంటి మూలకణాల మార్పిడికి స్లెట్ అనే పద్ధతిని ప్రచురించారు. బాగున్న కంటి నుంచి చిన్న లింబల్ ముక్క (నల్లగుడ్డు అంచున ఉండే కణజాలం) తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొర పైన అతికిస్తారు. మూలకణాలు అక్కడే పెరుగుతాయి, వాటిని పెంచే ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు.

విదేశాలకు వెళ్లొద్దని నేననడం లేదు. కానీ ఎక్కడ చేరినా, ప్రాజెక్టుకు ల్యాబ్ వెతికేటప్పుడు సంస్థ పేరు కన్నా ముందు ఒకటి అడగండి: కణాలు నా చేత్తో పెంచనిస్తారా, ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే యంత్రం) ముందు నన్ను కూర్చోనిస్తారా?