రష్యన్ సలాడ్‌లో నీళ్లెందుకు చేరతాయి? కొన్ని అపోహలు - వాస్తవాలు

హోటల్ కోల్డ్ కిచెన్‌లో పనిచేసేవాళ్లకి రష్యన్ సలాడ్ తప్పించుకోలేని పని. బఫేలో ఓ గిన్నె ఉండాల్సిందే. చాలామంది వడ్డించుకుంటారు, సగం ప్లేట్లోనే వదిలేస్తారు. తప్పు తినేవాళ్లది కాదు. తియ్యటి మయోనీజ్‌లో చితికిపోయిన ఆలుగడ్డ, అడుగున చేరిన నీళ్లు, పైన ఎర్రటి చెర్రీ పండు. రష్యాలో డిసెంబర్ 31 రాత్రి ఇంటింటా బల్ల మీద కనిపించే 'ఒలివియే' సలాడ్‌కీ దీనికీ చుట్టరికం చాలా దూరం. అక్కడ మెడిసిన్ చదివొచ్చిన మన పిల్లల్ని అడిగినా ఈ మాటే చెబుతారు.

నా లెక్కలో ఈ సలాడ్‌ని పాడుచేసేవి రెండే: నీళ్లు, తీపి. మాంసం ఏది, క్యారెట్ ఉందా లేదా అన్నవి తర్వాతి మాటలు. శిక్షణకి వచ్చే కుర్రాళ్ల దగ్గర, ఇంట్లో చేసుకుంటామని ఫోన్ చేసే బంధువుల దగ్గర తరచూ వినే అపోహల్ని ఆ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

అపోహ: అసలు రెసిపీ రహస్యం. దాన్ని కనిపెట్టిన వంటవాడితోనే పోయింది.

సగం నిజం. లూసియెన్ ఒలివియే 1860లలో మాస్కోలోని త్రుబ్నయా కూడలి దగ్గర 'ఎర్మితాజ్' రెస్టారెంట్ నడిపిన వంటవాడు. 1883లో చనిపోయాడు. తన సలాడ్ ఎలా చేయాలో ఎక్కడా అచ్చు వేయించలేదు. ముఖ్యంగా ఆయన సాస్‌లో ఏం కలిపేవాడో ఎవరికీ తెలియదని చెబుతారు. శిష్యుడొకడు వంటగదిలోకి దూరి రెసిపీ కొట్టేశాడని, వేరే హోటల్లో అదే సలాడ్ చేస్తే సాస్ మాత్రం కుదరలేదని ఓ కథ కూడా ఉంది. వినడానికి బాగుంటుంది, అంతే.

అయితే 1894లోనే ఒక రష్యన్ పత్రిక 'ఒలివియే సలాడ్' పేరుతో రెసిపీ అచ్చువేసింది. ఆ తర్వాత వంట టీచర్ పెలగేయా అలెక్సాంద్రోవా-ఇగ్నాత్యెవా తన పుస్తకంలోనూ ఇచ్చింది. రియాబ్చిక్ అనే అడవి పక్షి మాంసం, ఆలుగడ్డ, దోసకాయ, సలాడ్ ఆకులు, మంచినీటి రొయ్యలాంటి క్రేఫిష్ తోకలు, మాంసం రసాన్ని గడ్డకట్టించిన జెల్లీ, కేపర్లు అనే ఊరబెట్టిన పూమొగ్గలు, ఆలివ్‌లు, ప్రొవాన్సాల్ సాస్ అంటే మయోనీజ్. ఇదీ జాబితా. ఇంకో సంగతి. విక్టోరియా రాణి దగ్గర పనిచేసిన ఫ్రాంకటెల్లి అనే వంటవాడు అంతకుముందే, 1840లలో, ఇంగ్లండ్‌లో 'రష్యన్ సలాడ్' అని రాశాడు. అందులో ఎండ్రకాయ జాతి లాబ్‌స్టర్, ఆంకోవీ చేపలు, ఆలివ్‌లు, కేపర్లు. కాబట్టి ఒక్క మనిషి బుర్రలో ఒక్క రోజున పుట్టిన వంటకం అనలేం.

ఆ పాత జాబితాలు చూసినప్పుడు నా కళ్లు అడవి పక్షి మీద ఆగవు, కేపర్లూ ఆలివ్‌ల మీద ఆగుతాయి. కొవ్వు సాస్‌కి ఎదురుగా ఉప్పూ పులుపూ మొదటి నుంచీ ఉన్నాయి. మన బఫే గిన్నెలో లేనిది అదే.

అపోహ: క్యారెట్, బఠానీ లేకపోతే అది రష్యన్ సలాడే కాదు.

పైన జాబితాలో రెండూ లేవు, గమనించారా? కోడిగుడ్డు కూడా లేదు. ఇవన్నీ సోవియట్ కాలంలో చేరాయి. అడవి పక్షి, క్రేఫిష్ సామాన్యుడికి దొరికే రోజులు పోయాక రెస్టారెంట్లలో కోడిమాంసంతో 'స్తొలీచ్నీ' సలాడ్ వచ్చింది. ఇళ్లలో 'దొక్తర్స్కయా' అనే ఉడికించిన సాసేజ్ వాడటం మొదలుపెట్టారు. ఆ సాసేజ్, ఫ్యాక్టరీలో తయారైన ప్రొవాన్సాల్ మయోనీజ్ రెండూ 1936లోనే అక్కడ మార్కెట్లోకి వచ్చాయి. క్రేఫిష్ ఎరుపు పోయిందని క్యారెట్ వేశారంటారు. రంగు కోసమే వేశారో, ఇంట్లో ఉందని వేశారో ఎవరు చూడొచ్చారు!

డబ్బా బఠానీ అప్పట్లో సులభంగా దొరికేది కాదు. దొరికినప్పుడు కొని కొత్త సంవత్సరం కోసం దాచుకునేవాళ్లు. అందుకే ఇది పండగ వంటకం అయింది. ఇప్పటికీ ఏడాది చివర్లో రష్యన్ పత్రికలు ఈ సలాడ్ దినుసుల ఖర్చు లెక్కగట్టి 'ఒలివియే సూచీ' అంటూ ధరల మీద రాస్తుంటాయి. క్యారెట్ వేయాలా వద్దా అన్న గొడవ మాత్రం అక్కడి ఇళ్లలోనే తెగలేదు. తియ్యదనం వస్తుందని కొందరు వేయరు. నేను వేస్తాను, తక్కువగా. ఆలుగడ్డలో మూడో వంతుకి మించనివ్వను.

అపోహ: బీట్‌రూట్ వేస్తేనే రష్యన్.

బీట్‌రూట్ పడేది 'వినిగ్రెత్' అనే ఇంకో సలాడ్‌లో. దాంట్లో మయోనీజ్ ఉండదు, పొద్దుతిరుగుడు నూనె పోస్తారు. పెరూలో రష్యన్ సలాడ్‌కి బీట్‌రూట్ కలిపి గులాబీ రంగు తెస్తారు కానీ అది వాళ్ల పద్ధతి.

అపోహ: ఆలుగడ్డ ఏదైనా ఒకటే. చెక్కు తీసి, ముక్కలు కోసి ఉడకబెడితే పని త్వరగా అవుతుంది.

నీళ్లు చేరడం మొదలయ్యేది ఇక్కడే. ముందే ముక్కలు కోస్తే ప్రతి ముక్కకీ ఆరు వైపులా నీళ్లు తగులుతాయి. అంచులు కరిగి, లోపలికి నీళ్లు పోతాయి. అదే నీరు సలాడ్ కలిపిన గంటకి గిన్నె అడుగున తేలుతుంది. రష్యన్ ఇళ్లలో ఆలుగడ్డని చెక్కుతోనే ఉడికిస్తారు. చల్లటి నీళ్లలో వేసి, ఉప్పు వేసి, సన్నటి మంట మీద. మరిగే నీళ్లలో వేస్తే బయట చితుకుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌లో చెక్కు పగిలే ప్రమాదం ఎక్కువ. మూత పెట్టిన మామూలు గిన్నె మేలు. కత్తి మొన గుచ్చితే కొద్దిగా ఆగి దిగాలి. వెన్నలా దిగిందంటే అది ఆలూ కుర్మాకి పనికొస్తుంది, దీనికి కాదు.

తర్వాత దాన్ని పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఉడికినప్పుడు నీళ్లు పీల్చి ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ గట్టిపడుతుంది. రాత్రి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డని పొద్దున కోస్తే అంచులు పదునుగా నిలుస్తాయి. వేడి ముక్కల మీద మయోనీజ్ వేస్తే నూనె విడిపోయి జిడ్డు తేలుతుంది.

రకం విషయానికొస్తే, పిండి తక్కువ ఉన్న గడ్డ ముక్కగా నిలుస్తుంది. కుఫ్రీ పుఖ్రాజ్ అలాంటిదే. చిప్స్ కోసం పెంచే చిప్సోనా ఉడికితే పొడిపొడిగా రాలుతుంది. మన బజారులో ఆ పేర్లు ఎవరూ చెప్పరు, 'ఆగ్రా ఆలు' అని ఒకే మాట అంటారు. అప్పుడు పై చెక్కు పలచగా, గోటితో గీస్తే ఊడొచ్చే కొత్త గడ్డ ఏరుకోండి. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న గడ్డలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ తీపి సలాడ్‌లో తెలిసిపోతుంది.

పెద్ద విందుకి టైమ్ లేక ముక్కలు కోసి ఉడికించాల్సి వస్తే నీళ్లలో లీటరుకి ఒక చెంచా వెనిగర్ వేయండి. పులుపులో ముక్కని పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరగదు కాబట్టి ముక్క అంచులు నిలుస్తాయి. దించాక పళ్లెంలో పరిచి ఆరబెట్టండి.

ముక్కల సైజు? అన్నీ బఠానీ గింజంత. చెంచాకి అన్ని రుచులూ ఒకేసారి రావాలంటే వేరే దారి లేదు. డబ్బా బఠానీ అయితే నీళ్లు పూర్తిగా వంచి, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఫ్రోజెన్ బఠానీ అయితే ఒక నిమిషం ఉడికించి చల్లటి నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. ఉప్పు అన్నిటికన్నా చివర. ముందే వేస్తే కూరగాయలన్నీ నీరు వదులుతాయి.

అపోహ: ఊరబెట్టిన దోసకాయ దొరక్కపోతే పచ్చి కీరా వేయొచ్చు.

వేయొచ్చు, రష్యాలోనూ కొందరు వేస్తారు. కానీ ఊరబెట్టింది తీసేసి దాని చోట కీరా మాత్రమే వేస్తే పులుపు పోతుంది, నీరు వస్తుంది. రెండు నష్టాలూ ఒకేసారి. రష్యన్ పద్ధతిలో చిన్న దోసకాయల్ని ఉప్పునీటిలో సోయకూర, వెల్లుల్లి, హార్స్‌రాడిష్ ఆకులతో ఊరబెడతారు. వెనిగర్ పోయరు, పులుపు పులియడం వల్లే వస్తుంది. మనకి సీసాల్లో దొరికే గెర్కిన్లు ఎక్కువగా వెనిగర్‌వి. తీపివి కాకుండా పుల్లటివి చూసి కొనండి, తరిగాక పిండండి. తమాషా ఏమిటంటే ఈ గెర్కిన్లు మన కుప్పం చుట్టుపక్కల రైతులే కాంట్రాక్ట్ మీద పండిస్తున్నారు. అక్కడి నుంచి విదేశాలకి పోతాయి, మన బజారులో మాత్రం వెతుక్కోవాలి.

దోసావకాయ వేద్దామా అని ఓ ట్రైనీ అడిగాడు. వద్దు నాయనా.

అపోహ: మయోనీజ్ ఎంత ఎక్కువైతే అంత రుచి.

ఒక కిలో ముక్కలకి 180 నుంచి 200 గ్రాములు చాలు. ముక్కలు ఒకదానికొకటి అంటుకోవాలి, సాస్‌లో ఈదకూడదు. ఇక ఏ మయోనీజ్ అన్నది పెద్ద ప్రశ్న. రష్యన్ ప్రొవాన్సాల్ సంప్రదాయంగా 67 శాతం కొవ్వుతో, ఆవాల ఘాటుతో, వెనిగర్ పులుపుతో ఉంటుంది. మన దగ్గర దొరికే ఎగ్‌లెస్ రకాల్లో చాలావాటిలో నూనె తక్కువ, చక్కెర ఎక్కువ. ప్యాకెట్ వెనక చదవండి, చక్కెర ఎన్నో స్థానంలో ఉందో చూడండి.

అదే దొరికితే బాగుచేసుకునే దారి ఉంది. 150 గ్రాముల మయోనీజ్‌కి గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగు 50 గ్రాములు, ఒక చెంచా ఆవముద్ద, గెర్కిన్ సీసాలోని పుల్లటి నీళ్లు ఒక చెంచా, మిరియాల పొడి కలపండి. రష్యాలోనూ మయోనీజ్‌లో 'స్మెతానా' అనే పుల్లటి మీగడ కలిపేవాళ్లు చాలామంది. నీరు ఓడ్చకుండా పెరుగు వేస్తే మళ్లీ మొదటికొస్తాం.

అపోహ: మాస్కో పద్ధతే అసలు, మిగతా దేశాలవన్నీ పాడుచేసినవి.

ఈ మాట అనేవాళ్లు స్పెయిన్‌లో ఒక్కసారి 'ఎన్సలదీయా రూసా' తిని చూడాలి. ట్యూనా చేప, ఆలుగడ్డ, గుడ్డు, ఆలివ్‌లు, పైన కాల్చిన ఎర్ర క్యాప్సికం. బార్‌లో చిన్న ప్లేట్‌లో చల్లగా ఇస్తారు. ఫ్రాంకో కాలంలో రష్యా పేరు పలకడం ఇష్టం లేక దాన్నే 'జాతీయ సలాడ్' అన్నారు. టర్కీలో ఇదే 'అమెరికన్ సలాడ్' అయింది. పేరు మార్చారు కానీ తినడం మానలేదు.

పోలండ్‌లో మాంసం లేకుండా చేస్తారు. ఆలుగడ్డ, క్యారెట్‌తో పాటు సెలరీ దుంప, పార్స్లీ వేరు, పుల్లటి ఆపిల్, ఊరబెట్టిన దోసకాయ. నాకు బాగా నచ్చే రకం ఇది. వేళ్ల కూరగాయల మట్టి వాసన మయోనీజ్‌ని మోస్తుంది. రుమేనియాలో బీఫ్ వేసి, వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాప్సికం ముక్కలు కలిపి, పైన మయోనీజ్ పూత పూసి అలంకరిస్తారు. ఇరాన్‌లో 'సాలాద్ ఒలివియే' ముక్కల సలాడ్ కాదు. కోడిమాంసం పీచులుగా తీసి, ఆలుగడ్డ, గుడ్లు తురిమి లేదా చిదిమి, ఊరబెట్టిన దోసకాయ, నిమ్మరసం వేసి ముద్దలా కలిపి రొట్టెలో పెట్టుకుని తింటారు. అక్కడ మెత్తదనం లోపం కాదు, ఉద్దేశమే అది.

ఈ అన్నిట్లోనూ ఒక పుల్లటి దినుసు ఉంది, చూడండి. దేశాన్ని బట్టి ఆలివ్, ఆపిల్, ఊరిన క్యాప్సికం, నిమ్మ. అది ఎప్పుడైతే జారిపోయిందో, దాని చోట డబ్బా పైనాపిల్, క్రీమ్ చేరాయో, అప్పుడు ఉపఖండం పెళ్లి బఫేల రష్యన్ సలాడ్ తయారైంది. పైనాపిల్ పాపం అనను. దాంతో పాటు పులుపు లేకపోవడమే నాకు అభ్యంతరం. ఆ గిన్నెలో పావు కిలో గెర్కిన్ కలిపి పంపితే ప్లేట్లు ఖాళీగా తిరిగి రావడం నేను చూశాను.

అపోహ: మయోనీజ్ ఉంది కాబట్టే ఈ సలాడ్ త్వరగా పాడవుతుంది.

ఫ్యాక్టరీ మయోనీజ్ పుల్లగా ఉంటుంది, సూక్ష్మజీవులకి అది ఇష్టమైన చోటు కాదు. పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసిన మయోనీజ్ సంగతి వేరు, దాంట్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం నిజమే. మామూలుగా ముప్పు తెచ్చేది ఉడికిన ఆలుగడ్డ, కోడిమాంసం, గుడ్డు, వాటిని ముట్టుకున్న చేతులు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో, 32 డిగ్రీలు దాటితే, ఒక్క గంటే. బఫేలో గిన్నె కింద ఐసు పెట్టేది అందంకోసం కాదు. తరిగిన ముక్కల్ని విడిగా ఫ్రిజ్‌లో ఉంచి, తినేముందు అవసరమైనంతే కలపండి. నీరు చేరే సమస్యకి కూడా మందు ఇదే.

అపోహ: శాకాహారులకి ఈ సలాడ్ కుదరదు.

పోలండ్ రకం ఉండగా ఆ బెంగ అక్కర్లేదు. ఎగ్‌లెస్ మయోనీజ్ అయితే పైన చెప్పినట్టు బాగుచేసుకోండి. ఆరుగురికి ఆలుగడ్డ 500 గ్రాములు, క్యారెట్ 150, బఠానీ 150, గెర్కిన్ 200, పుల్లటి పచ్చ ఆపిల్ ఒకటి, ఉల్లికాడలు గుప్పెడు, సోయకూర కొద్దిగా. మాంసం, గుడ్డు తినేవాళ్లయితే ఆపిల్ మానేసి ఉడికించిన చికెన్ 300 గ్రాములు, నాలుగు గుడ్లు. గుడ్లు మరిగే నీళ్లలో పది నిమిషాలే. ఎక్కువైతే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. కలిపాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడు ఉప్పు చూడండి. చల్లబడ్డాక ఉప్పు తక్కువగా తెలుస్తుంది.