పి0171: తప్పు సెన్సర్‌ది కాదు

డాలస్‌లో చదువుకునే రోజుల్లో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగు సిలిండర్ల కారు ఒక చలికాలం పొద్దున మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, సీటూ స్టీరింగూ కలిసి వణికేవి. రోడ్డెక్కి స్పీడందుకున్నాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడిచేది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్పేర్ పార్టుల షాపులో ఉచితంగా స్కానర్ పెట్టి కారు కంప్యూటర్ పట్టుకున్న లోపాల నంబర్లు, అంటే కోడ్‌లు, రెండు రాసిచ్చారు: పి0171 (లీన్), పి0302 (మిస్‌ఫైర్, అదే మన మిస్సింగ్). లీన్ కోడ్ వస్తే ఆక్సిజన్ సెన్సరే పోయుంటుందని కౌంటర్లో కుర్రాడు ధీమాగా చెప్పాడు. కొన్నాను, రూమ్మేటూ నేనూ కుస్తీపట్టి బిగించాం. నాలుగో రోజు లైట్ మళ్లీ వెలిగింది.

కరెంటు బిల్లు ఎక్కువొస్తే ముందు మీటరునే అనుమానిస్తాం కదా, నేను చేసిందీ అదే.

పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకంటే ఎక్కువైతే మిశ్రమం లీన్, అంటే పలచన. దీన్ని కనిపెట్టేది పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్. పాతరకం జిర్కోనియా సెన్సర్ అయితే పొగలో ఆక్సిజన్ మిగిలినప్పుడు 0.1 వోల్టు దాకా దిగుతుంది, మిగలకపోతే 0.9 దాకా ఎక్కుతుంది. దానికి పెట్రోలు వాసన తెలియదు, ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. చిక్కంతా ఇక్కడే. మంట రాజేసే ప్లగ్గో, దానికి కరెంటిచ్చే కాయిలో పోయి ఒక సిలిండర్ మండకపోతే, అందులోని గాలి వాడకుండానే బయటికొస్తుంది. దాంతోపాటు పచ్చి పెట్రోలూ వస్తుంది కానీ సెన్సర్ చూసేది గాలిలోని ఆక్సిజన్‌నే. ‘లీన్’ అంటుంది. కంప్యూటర్ దాని మాట నమ్మి ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. అంటే మిస్‌ఫైర్ వల్ల లీన్ అనిపించొచ్చు, నిజంగా లీన్ అయి మిస్‌ఫైర్ రావచ్చు. రెండు కోడ్‌లూ కలిసొస్తే ఏది ముందో తేల్చాలి.

పి0302 అంటే రెండో సిలిండర్ మండటం లేదని. ఇది కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, 700 ఆర్‌పీఎం తిరుగుతుంటే సెకనుకి 23 సార్లు మండుతుంది. ఒక్కో మంటకీ ఇంజిన్ ఇరుసుకి, అంటే క్రాంక్ షాఫ్ట్‌కి, చిన్న తోపు. దానికున్న పళ్ల చక్రం పక్కనున్న సెన్సర్ ఆ పళ్లు ఎంత వేగంగా దాటుతున్నాయో లెక్కపెడుతూనే ఉంటుంది. తోపు అందనిచోట చక్రం కాస్త నీరసిస్తుంది. అది ఎవరి వంతో చూసి సిలిండర్ నంబరు చెప్పేస్తుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఊరుకోకుండా మిణుకుమిణుకుమంటే మాత్రం బండి నడపకండి. మండని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి పింగాణీ గూడు కరిగిపోతుంది.

రెండో కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాను. తప్పు కాయిల్‌ది అయితే కోడ్ పి0303 కావాలి. కాలేదు, రెండులోనే ఉండిపోయింది. ప్లగ్‌లూ అలాగే మార్చి చూశాను, అదే కథ.

అప్పుడు కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే బ్లూటూత్ డాంగిల్ ఒకటి చౌకలో కొని, ఫోన్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడటం మొదలుపెట్టాను. మామూలు లెక్కకంటే కంప్యూటర్ ఎంత పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే శాతమే ట్రిమ్. పది లోపు అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు, చాలా కార్లలో 25 దరిదాపులకి చేరితే కోడ్ పడుతుంది. నా కారుకి ఐడిల్‌లో ప్లస్ 22. బ్రేక్ మీద కాలుంచి 2500 ఆర్‌పీఎంకి ఎక్కిస్తే ప్లస్ 5కి దిగింది.

ఆ తేడాలోనే జవాబుంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో లాగుడు ఎక్కువ. ఎక్కడైనా చిన్న సందుంటే అక్కణ్నుంచి కంప్యూటర్ లెక్కకి అందకుండా దూరే దొంగగాలి మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. ఇంజిన్ గట్టిగా పీల్చేటప్పుడు అదే గాలి లెక్కలోకే రాదు. పెట్రోలు పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా దీనికి విరుద్ధంగా, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగేది.

చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకు వెంట కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా చల్లుకుంటూ వెళ్లాను. సందుంటే అది లోపలికి దూరి పెట్రోలులాగే మండుతుంది. (మంటంటుకునే సరుకు, వేడి ఇంజిన్ మీద ఈ పని చేయొద్దు. షెడ్డులో అయితే స్మోక్ మెషీన్ పెడతారు.) రెండో సిలిండర్ దగ్గరికి రాగానే వణుకు ఆగింది, ట్రిమ్ గబగబా దిగింది. అక్కడి అతుకులో గాలి దూరకుండా ఉండే రబ్బరు గ్యాస్కెట్ ఎండి గట్టిపడింది. చలికి ముడుచుకున్నప్పుడు సందు ఇంకా పెద్దదయ్యేది. దొంగగాలంతా ఆ ఒక్క సిలిండర్‌కే పోతోంది కాబట్టి మిస్సింగూ దానికే. గ్యాస్కెట్ ఖరీదు సెన్సర్ ఖరీదులో నాలుగో వంతు కూడా లేదు.

హైదరాబాద్ వచ్చాక నాన్న కారుకీ ఇదే వైద్యం చేద్దామనుకుంటే కుదరలేదు. నా డాలస్ కారు వచ్చే గాలిని ఒక సెన్సర్‌తో నేరుగా కొలిచేది. ఇక్కడి చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు, మానిఫోల్డ్‌లో ప్రెషర్‌ని బట్టి గాలి లెక్కకడతాయి. దొంగగాలి దూరితే ప్రెషర్ పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టే పెట్రోలు పోసేస్తుంది, కాబట్టి లీక్ ట్రిమ్‌లో సరిగ్గా కనపడదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి కిలోకి 9 కిలోల గాలి చాలు, అందుకే దానికి సెట్ చేయని పాత బండిలో ఏ లోపమూ లేకున్నా ట్రిమ్ నాలుగైదు శాతం పైనే ఉంటుంది. ఇలాంటి కారులో లీక్ ఉందా అని చూడాలంటే ట్రిమ్ కంటే ముందు ఐడిల్ చూడాలి: యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా ఆర్‌పీఎం కిందికి దిగనంటుంది.