షేరు ఒకచోట, బ్రోకరు ఇంకొకచోట

తిరుమలకు కాలినడకన వెళ్లే భక్తులు అలిపిరి దగ్గర తమ సామాన్లను దేవస్థానం కౌంటరులో అప్పగించి, రసీదు తీసుకొని మెట్లెక్కడం మొదలుపెడతారు. సామాను బండిలో వేరే దారిన కొండమీదికి చేరుతుంది, పైన రసీదు చూపించినవారికి సంచి దొరుకుతుంది. బండి నడిపినవారు ఎవరో, ఎలాంటివారో విచారించవలసిన అవసరం ఎవరికీ రాదు. షేర్ మార్కెట్లో మన తరఫున షేర్లు కొని, అమ్మిపెట్టే బ్రోకరు పాత్ర ఏమిటని ఎవరైనా అడిగినప్పుడు నాకు ముందుగా ఈ కౌంటరే గుర్తుకు వస్తుంది. షేరు కొన్నవారు, కొనిపెట్టినవారు, కొన్నదాన్ని భద్రపరిచినవారు మార్కెట్లోనూ ముగ్గురు వేరువేరు మనుషులే.

తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధిలో ఉండే ఒక ప్రైవేటు బడి ఉపాధ్యాయురాలు నెలకు రెండు వేల రూపాయలు షేర్లలో పెట్టాలని అనుకుంటూ, ఏ యాప్ మంచిదో చెప్పమని ఈ మధ్య నా దగ్గరికి వచ్చింది. ఆమె అసలు భయం రెండో ప్రశ్నలో బయటపడింది. "రేపు ఆ యాప్ కంపెనీ మూతపడితే నా షేర్లు కూడా పోతాయా సార్?" అని అడిగింది. ఈ ప్రశ్న ఆమెకు తట్టడం సహజమే. మన ఊళ్లలో చీటీ వేసేటప్పుడు, పాట నడిపే మనిషికి సొంత ఇల్లుందా, పొలముందా, ఎంతకాలంగా ఈ ఊళ్లో ఉన్నాడు అని చూసిగాని డబ్బు కట్టరు. బ్రోకరును కూడా అదే కొలతతో చూడాలనుకుంటే, ఎక్కడో బెంగళూరులోనో ముంబైలోనో ఉన్న సంస్థ గురించి ఆమె ఏమని విచారించగలదు?

అలా విచారించే అవసరం చాలావరకు తప్పేలా ఈ వ్యవస్థను నిర్మించారు. పూర్వం షేరు అంటే కాగితం. అది పోస్టులో పోవచ్చు, సంతకం సరిపోలేదని తిరిగిరావచ్చు, నకిలీది కూడా కావచ్చు. 1996లో డిపాజిటరీల, అంటే షేర్లను కంప్యూటరు పద్దులుగా భద్రపరిచే సంస్థల చట్టం వచ్చి, అదే ఏడాది ఎన్ఎస్‌డీఎల్, 1999లో సీడీఎస్ఎల్ అనే రెండు డిపాజిటరీలు పని ప్రారంభించాక షేరు ఒక ఖాతాలోని పద్దుగా మారింది. దానినే డీమ్యాట్ ఖాతా అంటున్నాం. ఈ పద్దు ఉండేది డిపాజిటరీ దగ్గర, మన పేరుమీద. సీడీఎస్ఎల్ ఖాతా సంఖ్యలో పదహారు అంకెలుంటాయి, వాటిలో మొదటి ఎనిమిది బ్రోకరు సంస్థను, తరువాతి ఎనిమిది మనల్ని సూచిస్తాయి. ఫోనులో కనిపించే యాప్ ఆ పద్దును చూపించే కిటికీ మాత్రమే కాబట్టి, కిటికీ మూసుకుపోయినా పద్దు అక్కడే ఉంటుంది.

అయితే ఈ కట్టడికి ఒకప్పుడు పెద్ద కన్నం పడిన మాట నిజం. హైదరాబాదు కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్, తమ తరఫున ఖాతా నడపమని ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ పత్రాలను ఉపయోగించి వారి షేర్లను తన సొంత డీమ్యాట్ ఖాతాకు మళ్లించి, వాటిని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని గుర్తించిన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 నవంబర్ 22న ఉత్తర్వు జారీ చేసింది. అలా మళ్లిన షేర్ల విలువ రెండు వేల కోట్ల రూపాయలకు పైమాటే. పది రోజుల తరువాత డిపాజిటరీ ఎనభై వేల మందికి పైగా ఖాతాదారులకు వారి షేర్లను తిరిగి వారి ఖాతాల్లోకి చేర్చగలిగిందంటే, ఎవరివి ఎన్ని అనే లెక్క బ్రోకరు పుస్తకాలకు వెలుపల కూడా ఉండడమే కారణం. ఆ తరువాత నిబంధనలు వరుసగా బిగిశాయి. 2020 సెప్టెంబర్ నుంచి తాకట్టు పెట్టినా షేరు మన ఖాతాలోనే ఉండి, దానిమీద తాకట్టు గుర్తు మాత్రం పడుతుంది. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో, అమ్మిన షేర్లను ఖాతా నుంచి తీసుకోవడం లాంటి కొన్ని పనులకే పనికొచ్చే డీడీపీఐ అనే పరిమిత అనుమతి పత్రం వచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి కొన్న షేర్లు బ్రోకరు ఖాతాను తాకకుండా, కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య లెక్క తీర్చే క్లియరింగ్ కార్పొరేషన్ నుంచి నేరుగా మన డీమ్యాట్‌కు వస్తున్నాయి.

డీడీపీఐ ఇవ్వడం తప్పనిసరి కాదు. అది ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ టీపిన్ అనే రహస్య సంఖ్య, ఓటీపీ కొట్టి డిపాజిటరీకి మనమే అనుమతి ఇవ్వాలి. ఏడాదికి రెండు మూడుసార్లు అమ్మేవారికి అది పెద్ద శ్రమ కాదు కనుక, కొత్తవారు దానిని ఇవ్వకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. ఇంతకంటే ముఖ్యమైన విషయం ఖాతా తెరిచే ఫారంలో ఉంటుంది. చిన్న ఊళ్లలో ఫారం నింపిపెట్టే ఏజెంటు సౌకర్యం కోసమని తన ఫోను నంబరో తన మెయిలో రాసేస్తుంటాడు. అలా రాస్తే షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీ, డిపాజిటరీ పంపే హెచ్చరికలన్నీ అతనికే చేరుతాయి, ఓటీపీ కూడా అతనికే వెళుతుంది. అలిపిరి దగ్గర సామాను మనం అప్పగించి రసీదు మరొకరి జేబులో పెట్టినట్టే అవుతుంది.

ఇక ఖర్చుల సంగతి. "బ్రోకరేజి సున్నా" అనే ప్రకటన చూసి నిర్ణయించుకునేముందు, లావాదేవీ జరిగిన రోజు మెయిలుకు వచ్చే కాంట్రాక్టు నోటును ఒక్కసారి వరుసవెంట చదవాలి. పది వేల రూపాయల షేర్లు కొని డెలివరీ తీసుకుంటే, అంటే అదే రోజు అమ్మేయకుండా ఖాతాలో ఉంచుకుంటే, ఎస్‌టీటీ అనే పన్ను పది రూపాయలు, స్టాంపు డ్యూటీ రూపాయిన్నర, ఎక్స్ఛేంజీ రుసుము సుమారు ముప్పై పైసలు, సెబీ రుసుము ఒక పైసా పడతాయి. ఇవి ఏ బ్రోకరు దగ్గరైనా మారవు. మారేది బ్రోకరేజి, దానిమీద 18 శాతం జీఎస్‌టీ. ఆర్డరుకు ఇరవై రూపాయలు తీసుకునే సంస్థ దగ్గర లక్ష రూపాయలు పెట్టేవారికి ఆ ఇరవై లెక్కలోకే రాదు, అదే 0.3 శాతం తీసుకునే చోటైతే మూడు వందలు అవుతుంది. మా ఉపాధ్యాయురాలి రెండు వేల విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇరవై రూపాయలకు జీఎస్‌టీ కలిపితే ఇరవై మూడున్నర దాటి, ఆమె పెట్టిన ప్రతి వందలో రూపాయికి పైగా మొదటిరోజే పోతుంది, 0.3 శాతం లెక్కనైతే జీఎస్‌టీతో కలిపి ఏడు రూపాయల చిల్లరతో సరిపోతుంది. అందుకే ఎంత సొమ్ము, ఎన్నిసార్లు పెడతామో తేల్చుకోకుండా ఏ బ్రోకరు చవకో చెప్పడం కుదరదు.

అమ్మేటప్పుడు ప్రకటనల్లో పెద్దగా కనిపించని ఇంకొక పద్దు ఉంది. డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి వెళ్లినందుకు ఒక్కో కంపెనీకి, అమ్మిన రోజుకు పదిహేను ఇరవై రూపాయల దాకా డీపీ చార్జీ పడుతుంది, అమ్మింది ఒక షేరైనా వంద షేర్లైనా అంతే. వార్షిక నిర్వహణ రుసుము మాత్రం చిన్న మదుపరులు తప్పించుకోగలరు. 2024 సెప్టెంబర్ నుంచి నాలుగు లక్షల రూపాయల విలువ దాకా ఉన్న బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతాకు ఆ రుసుము లేదు. అయితే మన పేరు మొదట ఉన్న డీమ్యాట్ ఖాతా దేశం మొత్తంమీద అదొక్కటే అయి ఉండాలి. ఆఫరు వచ్చిన ప్రతి యాప్‌లోనూ ఒక ఖాతా తెరిచేవారు ఈ వెసులుబాటును పోగొట్టుకుంటారు.

ఈ ఖర్చులన్నీ కలిపినా, తరచుగా కొని అమ్మే అలవాటు తెచ్చే నష్టం ముందు తక్కువే. అమెరికాలో తక్కువ రుసుము తీసుకునే ఒక డిస్కౌంట్ బ్రోకరు దగ్గర 1991 నుంచి 1996 దాకా ఉన్న 66,465 కుటుంబాల ఖాతాలను బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ అనే ఆచార్యులు పరిశీలించారు. ఆ కాలంలో మార్కెట్ ఏడాదికి 17.9 శాతం రాబడి ఇస్తే, అందరికంటే ఎక్కువగా కొని అమ్మిన కుటుంబాలకు దక్కింది 11.4 శాతం. మన దేశంలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే, ముందుముందు ధరల మీద ఒప్పందాల వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని, వారందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఆర్డరుకు ఇంత అని తీసుకునే సంస్థకు ఆదాయం మన లాభం నుంచి రాదు, మన ఆర్డర్ల సంఖ్య నుంచి వస్తుంది. కాబట్టి యాప్‌ను ఎంచుకునేటప్పుడు, అది రోజుకు ఎన్నిసార్లు మనల్ని పిలుస్తుందో, అప్పుతో షేర్లు కొనిపించే మార్జిన్ ట్రేడింగ్ మీటను మామూలు కొనుగోలు మీట పక్కనే పెట్టి తికమకపెడుతుందో లేదో చూడాలని నేను గట్టిగా చెబుతాను. ఖాతా తెరిచేటప్పుడు ఫ్యూచర్స్, ఆప్షన్స్ గడిని ఖాళీగా వదిలేసే హక్కు మనకుంది, దాన్ని వాడుకోవాలి.

బ్రోకరు రిజిస్ట్రేషన్ నంబరును సెబీ వెబ్‌సైటులో, ఏ సంస్థమీద ఎన్ని ఫిర్యాదులున్నాయో ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఫిర్యాదుల సంఖ్యను ఆ సంస్థ ఖాతాదారుల సంఖ్యతో భాగించి చూస్తేనే అర్థముంటుంది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చిన లింకు నుంచి మాత్రం ఏ యాప్‌నూ దించుకోకూడదు, అసలు సంస్థల పేర్లతో నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి.

ఇవన్నీ విన్నాక కూడా ఆమె ముఖంలో సందేహం పోలేదు. అందుకని ఒక చిన్న పరీక్ష చెప్పాను. ఖాతాలో ఐదు వందలు వేసి సోమవారం ఏదైనా ఒక షేరు కొనమని, బుధవారం దాన్ని యాప్‌లో కాకుండా సీడీఎస్ఎల్ వారి ‘ఈజీ’ సేవలో చూడమని, ఆ రోజే అమ్మేసి గురువారం డబ్బును బ్యాంకుకు పంపమని చెప్పాను. బ్రోకరేజీ పన్నులూ డీపీ చార్జీ కలిపి కొన్ని పదుల రూపాయలు పోతాయి గాని, డబ్బూ షేరూ వెళ్లే దారీ తిరిగివచ్చే దారీ సొంత కళ్లతో చూసినట్టవుతుంది. బుధవారం ఉదయం బడికి బయలుదేరే ముందు ఆమె ఫోను చేసింది. తన పదహారు అంకెల కింద ఆ కంపెనీ పేరు, దాని ఎదురుగా ‘1’ కనిపిస్తోందని చెప్పింది. డబ్బు కూడా బ్యాంకులో పడితే వచ్చే నెల జీతం నుంచి మొదలుపెడతానంది.