సెల్లార్ కెమెరాలకు రికార్డర్ తయారుచేస్తున్న పిల్లలకు

తార్నాక, హైదరాబాద్

పిల్లలూ,

మొన్న అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడి, పాత కంప్యూటర్‌తో మన నాలుగు సీసీ కెమెరాలకూ రికార్డర్ మేమే తయారుచేస్తామన్నారు చూడండి, ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో 32 ఏళ్లు తీగల మధ్య బతికినదాన్ని. నాకు తెలిసింది మీకు చెప్పకుండా ఎలా ఉండగలను?

ముందు రెండో అంతస్తు సిస్టర్ గారి స్కూటర్ సంగతి చెబుతాను. మీలో చిన్నవాళ్లకు తెలియదు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి తెల్లవారుజామున సెల్లార్‌లో పెట్టిన బండి మధ్యాహ్నానికి లేదు. అందరం డీవీఆర్ దగ్గరికి, అంటే కెమెరా బొమ్మలను రికార్డు చేసే పెట్టె దగ్గరికి పరుగెత్తాం. టీవీలో నాలుగు గళ్లలో నాలుగు బొమ్మలూ నిక్షేపంగా కనిపిస్తున్నాయి. వెనక్కి తిప్పి చూద్దామంటే ఖాళీ. హార్డ్ డిస్క్ పోయి అప్పటికి 11 నెలలట. పోయినప్పుడు పెట్టె కుయ్యిమని అరిచింది కూడా. ఆ చప్పుడు భరించలేక ఎవరో మెకానిక్‌ను పిలిపిస్తే, అతను డిస్క్ సంగతి చూడకుండా బజర్ ఆపేసి వెళ్లిపోయాడు. సిస్టర్ గారు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఆ నాలుగు బొమ్మల వంకే చూస్తూ ఉండిపోయారు. బండికి ఇంకా వాయిదాలు కట్టాల్సి ఉంది. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం అంటారే, మన కెమెరాలు ఆ 11 నెలలూ అలా ఉన్నాయి.

అందుకని బొమ్మ బాగా వస్తోందా అన్నది తర్వాత. నిన్నటిది ఉందా, మొన్నటిది ఉందా అన్నదే మీ పని.

కాగితం, పెన్సిల్ తీసుకోండి. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపుతోందనుకుందాం. 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు అర మెగాబైటు. గంటకు 1.8 గిగాబైట్లు, రోజుకు 43.2. నాలుగు కెమెరాలకు రోజుకు 172.8 గిగాబైట్లు. నెల రోజులు దాచాలంటే సుమారు 5.2 టెరాబైట్లు. నెల అని ఎందుకన్నానంటే, జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టాలని 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ఫుటేజ్ 30 రోజులు దాచమంటుంది. మనమూ ఆ లెక్కే పెట్టుకుందాం. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి చూసుకోవడానికైనా వ్యవధి ఉండాలి కదా. కెమెరాలో బొమ్మను కుదించే పద్ధతిగా హెచ్.264 బదులు హెచ్.265 పెడితే అదే నాణ్యతకు దాదాపు సగం చోటు చాలు. సెకనుకు 25 ఫ్రేముల బదులు 15 పెట్టినా మనిషి నడక చక్కగా తెలుస్తుంది. అలా చేస్తే 4 టెరాబైట్ల డిస్క్‌తో గట్టెక్కుతాం.

కంప్యూటర్ పాతదైతే సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది, ఎందుకో చెబుతాను. బొమ్మను కుదించే పనంతా కెమెరాయే చేసి పంపుతుంది. దాన్ని విప్పకుండా వచ్చింది వచ్చినట్టు డిస్క్ మీద రాస్తే కంప్యూటర్‌కు పెద్ద కష్టం లేదు. నాలుగు కెమెరాలూ కలిపి సెకనుకు 2 మెగాబైట్లే. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 100కు పైనే రాయగలదు. ప్రాసెసర్ చెమటోడ్చేది కదలికను కనిపెట్టడానికి బొమ్మను విప్పినప్పుడే. మామూలుగా ఇలాంటి కెమెరా ఒకే దృశ్యాన్ని రెండు ధారలుగా పంపుతుంది, స్పష్టంగా ఉండే పెద్ద బొమ్మ ఒకటి, తక్కువ వివరంతో చిన్న బొమ్మ ఒకటి. పెద్దదాన్ని నేరుగా డిస్క్‌కు పంపండి, కదలిక చూడటానికి చిన్నది వాడండి. దీంతో ఖరీదైన కంప్యూటర్ కొనే ఖర్చు తప్పుతుంది.

తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే అక్కడి నుంచి నడిచి పార్క్ లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లొచ్చు. అందరూ సీటీసీ అంటారు. ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న చిన్న ఆఫీసు డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో అడగండి. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, విండోస్ 10కు 2025 అక్టోబరుతో మద్దతు ఆగిపోయింది. అందుకే అలాంటివి చవకగా దొరుకుతాయి. మనం వేసేది విండోస్ కాదు, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కాబట్టి మనకు ఏ బాధా లేదు. ఆరో తరం నుంచి హెచ్.265ను విప్పే సర్క్యూటు చిప్‌లోనే ఉంటుంది. పెట్టె విప్పి మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని మాత్రం కొత్తది వేయండి, కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారం నడిచేది దాంతోనే.

రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను, నాకంటే మీరే చురుగ్గా నేర్చుకుంటారు. జోన్‌మైండర్ పాతది, నమ్మకమైనది. ఫ్రిగేట్ అయితే మనిషినీ కుక్కనూ వేరుచేసి చెబుతుంది. రెండూ ఉచితమే. మీరు ఫ్రిగేట్‌తో మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

డబ్బు తగ్గించకూడని చోట్లు మూడున్నాయి. మొదటిది డిస్క్. రాత్రింబవళ్లు రాయడానికే చేసిన నిఘా డిస్కులు వస్తాయి, కొత్తదే కొనండి. పాతది ఎంత చవకైనా వద్దు. రెండోది యూపీఎస్. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వానకు మన వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలుసు. కరెంటు వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవుతుండగా తెరుచుకునే సెట్టింగుల పేజీలో, ఒక సెట్టింగు ఉంటుంది, అది మరిచిపోకండి. మూడోది కేబుల్. ఇక్కడ నా మాట తప్పకుండా వినాలి. పీఓఈ స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పెట్టె, పెడితే ఒకే కేబుల్‌లో కరెంటు, బొమ్మ రెండూ వెళ్తాయి, 100 మీటర్ల వరకు. కానీ రాగి కేబుల్ అని చెప్పి, అల్యూమినియం మీద రాగి పూత వేసింది అంటగట్టేవాళ్లుంటారు. ఒక తీగ చివర పట్టుకుని బ్లేడుతో మెల్లగా గీకండి. గీకేకొద్దీ ఎర్రగానే ఉంటే రాగి. కింద నుంచి వెండి రంగు తొంగిచూస్తే తిరిగి ఇచ్చేయండి. అలాంటి తీగలో కరెంటు ఎక్కువ నష్టమవుతుంది, దూరంగా ఉన్న కెమెరా రాత్రి లైట్లు వెలిగే వేళకు సరిగ్గా ఆగిపోతుంది.

ఇప్పుడు కెమెరా ఎక్కడ పెట్టాలి అన్నది. అందరూ గోడ మీద ఎత్తుగా బిగించి, సెల్లార్ మొత్తం కనపడుతోందని మురిసిపోతారు. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. మన 2 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 1920 పిక్సెళ్లు. 2.8 ఎం.ఎం. లెన్సు సుమారు 100 డిగ్రీలు చూస్తుంది, అంటే 3 మీటర్ల దూరంలోనే 7 మీటర్ల వెడల్పు. భాగించి చూడండి, దొంగ మొహం తెలిసేది ఆ 3 మీటర్ల లోపే. 6 మీటర్లకు వెళ్తే మన వాచ్‌మన్‌ను పోల్చుకోగలం, కొత్తవాణ్ని పోల్చుకోలేం. కాబట్టి ఒక కెమెరా మొత్తం చూడనీండి. గేటు దగ్గర, అందరూ తప్పక నడిచే ఇరుకు చోట, తక్కువ వెడల్పును దగ్గరగా చూపే 6 ఎం.ఎం. లెన్సుది మనిషి ఎత్తుకు కొంచెం పైన పెట్టండి. మరీ ఎత్తయితే టోపీలే కనిపిస్తాయి.

రాత్రి కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, వాటి కోసం సాలీడు వస్తుంది. ఒక్క పోగు అద్దానికి అడ్డంగా కట్టిందంటే, ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు అది తెల్లటి తాడులా మెరుస్తుంది. గాలికి ఊగినప్పుడల్లా కదలికగా లెక్కకొస్తుంది. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవండి.

కెమెరాలకు ఇంటర్నెట్ ఇవ్వకండి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో లొంగదీసుకుంది. దాని దగ్గరున్నది 60 చిల్లర పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. అందుకే వాటికి వేరే నెట్‌వర్క్ ఉండాలి, పాస్‌వర్డ్ వెంటనే మార్చాలి. ఊళ్లో లేనప్పుడు చూడాలంటే వీపీఎన్ ద్వారానే, అంటే ఇంటర్నెట్‌లో మనవాళ్లకు మాత్రమే తెరుచుకునే రహస్య దారిలోనే. ఇంటర్నెట్ లేని కెమెరాలకు టైమ్ ఎవరు చెబుతారు? మీ కంప్యూటరే. దాన్ని టైమ్ సర్వర్‌గా పెట్టి కెమెరాలను దానికి తగిలించండి. బొమ్మ ఉండి టైమ్ గంట తేడా ఉంటే పోలీసులకు ఏం చెబుతాం? ఫుటేజ్ కాపీ తీసినప్పుడల్లా షా-256 హ్యాష్ కూడా రాసిపెట్టుకోండి, అది ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు మారితే అదీ మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ విలువ అడుగుతారు.

ఇంకొక్కటి, నా మనసులో అన్నిటికంటే ముందున్నది. సెల్లార్‌లో మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. పాత మూడో కెమెరా ఆ గుమ్మం మీదికే ఉండేది. ఆమె తల దువ్వుకోవడానికి కూడా తలుపు వేసుకునేది, ఎండాకాలంలో కూడా. మనం ఎవరమూ ఆలోచించలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కు ఫ్లాట్ కొన్నవాళ్లకే కాదు. ఆ కెమెరా పక్కకు తిప్పండి, అయినా గుమ్మం కనిపిస్తే ప్రైవసీ మాస్క్‌తో నల్లగా కప్పేయండి. తర్వాత ఆమెను పిలిచి స్క్రీన్ మీద చూపించండి. మైకులు ఆపేయండి. ఎవరు ఎప్పుడు ఫుటేజ్ చూశారో ఒక నోటుపుస్తకంలో రాయించండి.

అంతా బిగించాక నాకు చెప్పండి. ఆ శనివారం రాత్రి 11 గంటలు దాటాక, ఏ నిమిషమో మీకు చెప్పకుండా, గేటు కెమెరా కింద నా చేతి గడియారం పైకెత్తి చూపిస్తూ నిలబడతాను. నాలుగు వారాలు ఆగి, ఆ బొమ్మ వెతికి తీసి సిస్టర్ గారికి చూపించాలి మీరు. గడియారంలో టైమూ, స్క్రీన్ మీద టైమూ ఆవిడే సరిచూస్తారు. నిచ్చెన మా బాల్కనీలో ఉంది, ఎప్పుడు కావాలన్నా వచ్చి పట్టుకెళ్లండి. ఒకరు ఎక్కితే ఇద్దరు పట్టుకోవాలి.

ఆశీస్సులతో,
మూడో అంతస్తు అమ్మమ్మ