ఫేడ్‌లో తెలుపు ఆకుపచ్చ అవుతోందా? డిస్‌ప్లే మార్చకండి

అపోహ: ఫేడ్ చేస్తుంటే (బొమ్మని మెల్లగా నలుపులోకి దించుతుంటే) తెలుపు ఆకుపచ్చకి తిరుగుతోంది, కాబట్టి ప్యానెల్ నాసిరకం.

వాస్తవం: ఎస్‌టీ7789 లాంటి డిస్‌ప్లే చిప్‌తో నడిచే చవక ప్యానెళ్ల మీద పడే నింద ఇది. పాపం, ఇంకోటి కొని తగిలించినా అదే ఆకుపచ్చ. తప్పు లెక్కలో ఉంది. ప్రతి ఫ్రేముకీ బఫర్‌లో (తెర బొమ్మ ఉండే మెమరీలో) ఉన్న పిక్సెల్‌నే తీసుకుని, ఒక్కో రంగునీ 31తో గుణించి 5 బిట్లు కుడికి జరుపుతుంటారు, అంటే 32తో భాగిస్తుంటారు. 565లో (ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5 బిట్లిచ్చే 16 బిట్ల రంగు పద్ధతిలో) తెలుపంటే ఎరుపు 31, ఆకుపచ్చ 63, నీలం 31. భిన్నం ప్రతిసారీ తెగిపోతుంది గనక ఎరుపు, నీలం ఫ్రేముకి ఒకటి చొప్పున తగ్గి 31వ ఫ్రేముకి సున్నాకి చేరతాయి. ఆకుపచ్చ 31కి దిగేదాకా రెండేసి, ఆ తర్వాత ఒక్కొక్కటి తగ్గుతుంది. 31వ ఫ్రేముకి దాంట్లో ఇంకా 16 మిగిలే ఉంటుంది. అక్కణ్ణుంచి 16 ఫ్రేములు తెరనిండా ఉత్త ఆకుపచ్చే. నమ్మకపోతే కాగితం మీద వేసి చూడండి.

అసలు బొమ్మని ముట్టుకోకుండా ఉంచి, ప్రతి ఫ్రేముకీ దాన్నుంచే 32, 31, 30... అంటూ కొత్త స్థాయితో (32 అంటే పూర్తి వెలుగు, 0 అంటే నలుపు) గుణించి లెక్కకట్టాలి. 240×320 తెరకి 1,53,600 బైట్లు కావాలి. ఈఎస్‌పీ32 లాంటి చిన్న మైక్రోకంట్రోలర్‌లో అంత ర్యామ్ ఒకేచోట దొరక్కపోతే, ఫ్లాష్‌లోని (శాశ్వత మెమరీలోని) బొమ్మనే 20 వరుసల చొప్పున చదివి, షేడ్ చేసి (వెలుగు తగ్గించి) పంపేయండి.

అపోహ: మూడు రంగులూ విడదీసి మూడుసార్లు గుణించాల్సిందే.

వాస్తవం: ఒక్క గుణకారం చాలు. పిక్సెల్‌ని 32 బిట్ల అన్‌సైన్డ్‌లోకి తీసుకుని, 16 బిట్లు ఎడమకి జరిపిన దాని కాపీతో ఆర్ చేయండి. 0000 0111 1110 0000 1111 1000 0001 1111 మాస్క్‌తో (1 ఉన్నచోటి బిట్లనే ఉంచే సంఖ్యతో) యాండ్ చేస్తే ఆకుపచ్చ పైసగంలో, మిగతా రెండూ కిందిసగంలో, మధ్యలో ఖాళీ. స్థాయితో గుణించి, 5 కుడికి జరిపి, మళ్లీ అదే మాస్క్ వేసి, పైసగాన్ని కిందికి దించి కలపండి. స్థాయి 0 నుంచి 32 లోపే ఉండాలి, దాటితే ఆకుపచ్చ పైనుంచి పొర్లిపోతుంది. 0–255 ఆల్ఫాని (వెలుగు పాళ్లు చెప్పే విలువని) నేరుగా ఇచ్చేస్తారు చాలామంది. దానికి 4 కలిపి 3 బిట్లు కుడికి జరిపి ఇవ్వండి.

సగం వెలుగు చాలనుకుంటే గుణకారమే వద్దు: 1 బిట్ కుడికి జరిపి 0111101111101111తో యాండ్. ఈ మాస్క్ మరిచారా, ఎరుపు చివరి బిట్ ఆకుపచ్చ పైబిట్‌లోకి దిగుతుంది. ఎరుపు 1 మాత్రమే ఉన్న దాదాపు నల్లటి పిక్సెల్‌కి ఆకుపచ్చ 32 వచ్చి కూర్చుంటుంది. నీడల్లో కనిపించే ఆకుపచ్చ చుక్కలు ఇవే.

అపోహ: జవాబులన్నీ ముందే లెక్కకట్టి టేబుల్ పెడితే ఎప్పుడూ వేగమే.

వాస్తవం: 65,536 రంగులు, 0 నుంచి 31 దాకా 32 స్థాయిలు (32 అంటే రంగు మారదు), ఒక్కోటి 2 బైట్లు. మొత్తం 4 ఎంబీ, క్యాష్‌లో ఎక్కడ పడుతుంది? 256 రంగుల ప్యాలెట్ టెక్స్చర్ (256 రంగుల్లోంచే ఎంచుకునే బొమ్మ) అయితే 16 కేబీతో సరి, అప్పుడు టేబులే మేలు.

ఫేడ్ లేకుండానే రంగులు తారుమారైతే అది వేరే సంగతి, ముందు బైట్ల వరుస చూడండి. ప్యానెల్‌కి పెద్ద బైట్ ముందు వెళ్లాలి, ఈఎస్‌పీ32 చిన్న బైట్‌ని ముందు దాస్తుంది. షేడింగ్ అంతా అయ్యాక, పంపేముందు మాత్రమే బైట్లని స్వాప్ చేయండి (తారుమారు చేయండి). ముందే చేస్తే ఆకుపచ్చ రెండు ముక్కలై, పై మాస్కులేవీ పనిచేయవు.